వినిపిస్తే ఒకటి నొక్కు

మా చెల్లెలి ఇంటికి ప్రతి నెలా మొదటి సోమవారం చనిపోయిన కూతురు ఫోన్ చేస్తుందని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఆ ఫోను ఏ నెలలో ఆగితే ఆ నెలలో తల్లి కూడా కూతురి దగ్గరికి వెళ్లిపోతుందన్నది కూడా అందరికీ తెలుసు. ఈ రెండో మాట మొదట ఎవరి నోట వచ్చిందో మాత్రం ఒక్కరికీ తెలియదు. పుకారుకు కన్నవాళ్లు దొరకరు, పెంచినవాళ్లే దొరుకుతారు. దీన్ని వీధి వీధంతా గారాబంగా పెంచింది.

నేను బడిలో భౌతికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. దయ్యాలున్నాయన్న ఇళ్లకు వెళ్లి, వదులైన కిటికీ రెక్కలనో, గాలి చేరిన నీటి గొట్టాలనో చూపించి రావడం నాకు చిరకాల వ్యాపకం. అందుకు బంధువులు ‘దయ్యాల డాక్టరు’ అని బిరుదు ఇచ్చారు. ఇచ్చినప్పుడు వెక్కిరింతే అయినా, తమ ఇళ్లలో అవసరం పడ్డప్పుడు మర్యాదగానే వాడుకున్నారు. ఈసారి సంగతి వేరు. ఈ దయ్యాన్ని నేను ఎత్తుకుని ఆడించాను.

దాన్ని పిచ్చుక అని పిలిచేవాళ్లం. మాటలు వచ్చిన నాటి నుంచి నోరు మూయని పిల్ల. ఆ నోరే ఉద్యోగంలో పనికొచ్చింది. నీటి సరఫరా కార్యాలయంలో చేరి, ఏ వీధికి ఎప్పుడు నీళ్లు ఆగుతాయో ముందుగా ఇళ్లకు ఫోన్‌లో చెప్పే యంత్రాన్ని దగ్గరుండి పెట్టించింది. అందులో మాట్లాడే గొంతు కూడా దానిదే. ఊరు ఊరంతా దాని గొంతు విని బకెట్లు నింపుకునేది. నేను ఈ ఫోను సంగతి చూడబోవడానికి రెండేళ్ల ముందు జబ్బు చేసి, ఆ జబ్బు పేరు పలకడం మాకు సరిగ్గా అలవాటయ్యేలోపే పోయింది. కార్యాలయం వాళ్లు మర్యాద పాటించి ఆ గొంతు తీసేసి వేరే గొంతు పెట్టారు.

అయినా ఆ మరుసటి నెల మొదటి సోమవారం, ఉదయం పదకొండు గంటలకు, మా చెల్లెలి ఇంట్లో ఫోను మోగింది.

ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అప్పటికి మా చెల్లెలి గుండెలో ఒక వాల్వు పాడైందని, ఆపరేషన్ చేయాలని, ఇంకా జాప్యం చేస్తే ఆపరేషన్‌ను తట్టుకునే శక్తి కూడా గుండెకు మిగలదని డాక్టర్లు తేల్చారు. ఆమె ఒప్పుకోలేదు. ఒప్పించమని నాకు కబురు పెట్టింది ఎదురింటావిడ.

“మీరు చెప్తే వింటుందేమో అన్నయ్యగారూ,” అందామె నన్ను గుమ్మంలోనే ఆపి. “అయినా ఏం లాభంలెండి. పిలుపొచ్చిన మనిషి. ఆ పిల్ల ఫోన్ చేసినన్నాళ్లే ఈమె ఉండేది.”

“ఆ ఫోన్ మీరు విన్నారా?”

“ఈ రెండు చెవులతో విన్నా. రేపు నీళ్లు రావని చెప్తుంది. మేమందరం పట్టి పెట్టుకుంటాం.”

“మరి మర్నాడు నీళ్లు ఆగుతాయా?”

“ఎక్కడ? వస్తూనే ఉంటాయి,” అందామె ఏమాత్రం తడబడకుండా. “నీళ్లవాళ్లు ఆపడం మర్చిపోతారు. దయ్యం ఎందుకండీ అబద్ధం చెప్తుంది?”

ఇంతటి తర్కానికి ఎదురు నిలవగల శాస్త్రం నా దగ్గర లేదు. లోపలికి వెళ్లాను.

మా చెల్లెలు ల్యాండ్‌లైన్ ఫోను ఉన్న మేజా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. నాలుగు మాటలకు ఒకసారి ఊపిరి కోసం ఆగుతోంది.

“ఎందుకొచ్చావో తెలుసులే. ఎదురింటి మైకు మోగిందిగా.”

“ఆస్పత్రిలో చేరడానికి నీకు అడ్డం ఏమిటి?”

“మూడు వారాలు ఉండాలట. మధ్యలో సోమవారం పడుతుంది.”

“సోమవారాలు అందరికీ వస్తాయే.”

“నాకొచ్చే సోమవారం వేరు అన్నయ్యా.”

“ఆ పై నెల ఎత్తుదువుగాని. ఫోన్ ఎక్కడికి పోతుంది?”

ఆమె నా వంక జాలిగా చూసింది. “ఎత్తకపోతే ఇంక రాదు.”

“ఎవరు చెప్పారు?”

“అదే చెప్పింది,” అని కళ్లు మూసుకుంది. వీధిలో తిరుగుతున్న కథకు విత్తనం ఎక్కడిదో నాకు కొంత అర్థమైంది. ఎదురింటావిడకు కూడా ఈ ఒక్క వాక్యమే చెప్పి ఉంటుంది. కొమ్మలూ రెమ్మలూ వీధి చూసుకుంది.

ఆ వచ్చే సోమవారం నేను అక్కడే ఉన్నాను. కిటికీలోంచి ఎండ నేరుగా నేల మీద పడుతోంది. పాత ఇనుము కొంటామని ఎవరో అరుచుకుంటూ పోతున్నారు. దయ్యాలకు బొత్తిగా అనువు కాని వేళ. ఫోను మోగింది. చెల్లెలు కాస్త ఆగి, చీర చెంగు సర్దుకుని, స్పీకర్ మీట నొక్కింది.

ముందుగా ఊపిరి పీల్చిన చప్పుడు వచ్చింది. మాట కన్నా ముందే మనిషిని పట్టిచ్చేది ఊపిరి అని అంతవరకు నాకు తెలియదు.

“నమస్కారం. నీటి సరఫరా కార్యాలయం నుంచి మాట్లాడుతున్నాం. రేపు మీ వీధికి నీళ్లు రావు. దయచేసి ముందుగా పట్టి ఉంచుకోండి.”

తర్వాత కాసేపు మాట లేదు. అలాగని నిశ్శబ్దమూ కాదు. ఏదో గది తాలూకు సన్నని హోరు. ఎక్కడో కుర్చీ కిర్రుమంది. మళ్లీ అదే గొంతు, ఈసారి కార్యాలయపు మర్యాదను విప్పి పక్కన పెట్టి, నవ్వు ఆపుకుంటూ అడిగింది:

“అమ్మా, వినిపిస్తోందా? వినిపిస్తే ఒకటి నొక్కు.”

నేను గోడవైపు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాను. మళ్లీ ఇటు తిరిగేసరికి ఫోను మూగబోయి ఉంది. చెల్లెలి చేయి దాని మీద ఉంది.

మర్నాడు కొళాయిలో నీళ్లు వచ్చాయి. నేను నీటి సరఫరా కార్యాలయానికి వెళ్లాను.

అక్కడ రికార్డుల అధికారిని అందరూ ‘బీరువాగారు’ అంటారు. ఆయనకూ ఆ పేరు ఇష్టమే. ఆయన గదిలో దుమ్ము లేదు. ప్రతి అరకూ ఒక చీటీ. దాని మీద ఆ కట్ట ఎప్పుడు పుట్టింది, ఎన్నేళ్లు ఉంచాలి, ఎప్పుడు నాశనం చేయాలి. మనిషికైనా ఆయుర్దాయం ఇంత స్పష్టంగా రాసి ఉండదు. ఆ క్రమశిక్షణ చూసి నిజంగానే ముచ్చటపడ్డాను.

“మీ మేనకోడలు బంగారం లాంటి పిల్ల మాస్టారూ. కానీ ఆ గొంతు మా దగ్గర లేదు.” వెతుక్కోకుండా ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. పిచ్చుక గొంతు ఉన్న రికార్డులన్నీ గడువు ముగిసి నాశనం చేసినట్టు ధ్రువపత్రం, ఇద్దరి సంతకాలతో. “లేదు అనడానికి రుజువు కూడా ఉంది.”

“నేను నిన్న విన్నానండీ.”

“విని ఉండొచ్చు. కానీ లేదు.”

“లేనిది ఎలా మాట్లాడింది?”

“అది మీ శాఖ కదండీ, దయ్యాలు!” అని నవ్వి, నా ముఖం చూసి ఆపేశాడు. “రికార్డుగా నమోదైంది ఏదైనా అడగండి, కళ్లు మూసుకుని తీసిస్తాను. నమోదు కానిది ఉందో లేదో చెప్పడం నా పని కాదు మాస్టారూ.”

కంప్యూటర్ల విభాగంలో ఉన్నతను కూడా మర్యాదస్థుడే. “కొత్త యంత్రం మాది. అందులో ఈ గొంతు లేదు. పాతవి ఏం ఉన్నాయో, వాటిలో ఎవరు ఏం మాట్లాడారో అదంతా రికార్డుల వాళ్లని అడగాలి సార్.”

ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. నన్ను కలవరపెట్టింది అదే. అబద్ధమైతే ఎక్కడో ఒకచోట పట్టుకోవచ్చు. ఇద్దరు నిజాయితీపరుల మధ్యనున్న సందులో మా పిల్ల గొంతు దిక్కులేక తిరుగుతోంది.

వసారా చివర ఇంకో గది ఉంది. తలుపు మీద ‘సమాచార పాలన’ అని కొత్త బోర్డు.

“ఇందులో ఎవరుంటారు?” అని కంప్యూటర్ల అతన్ని అడిగాను.

“ఒక మేడమ్. వచ్చి ఆర్నెల్లయింది. ఆవిడ పని ఏమిటో మాకూ సరిగ్గా తెలీదు సార్. అందరి గదుల్లోకీ వచ్చి, కనిపించినదల్లా చూపించి ‘ఇదెవరిది?’ అని అడుగుతారు. మేం ఆవిడకి ‘ఇదెవరిదమ్మ’ అని పేరు పెట్టుకున్నాం.”

ఆ గదిలోకి వెళ్లాను. ఆమె నా కథంతా నవ్వకుండా విన్నది. మిగతా ఇద్దరూ ఏ రికార్డింగు, ఏ తేదీ అని అడిగారు. ఈమె అడిగింది ఒక్కటే: “ఆ ఫోన్ వల్ల మీ చెల్లెలుగారు ఎలా ఉన్నారు?”

ఆపరేషన్ సంగతి చెప్పాను. ఆమె కలం కింద పెట్టేసింది.

“ఒక్క మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి,” అన్నాను. “మీ పనికీ బీరువాగారి పనికీ తేడా ఏమిటమ్మా?”

“మా అత్తగారు వంటింట్లో ప్రతి డబ్బాకీ చీటీ అంటిస్తారండీ. ఎప్పుడు కొన్నది, ఎప్పటిదాకా వాడొచ్చు, ఎప్పుడు పారేయాలి, వేలెత్తి చూపలేం. బీరువాగారి పని అది. అది లేకపోతే ఇల్లు నడవదు. కానీ ఇంట్లో ఉన్నదంతా డబ్బాల్లోనే ఉండదు కదా? పిల్లలు జేబుల్లో దాచుకున్నది ఉంటుంది, పరుపు కింద పడిపోయింది ఉంటుంది, పక్కింటికి ఇచ్చి మర్చిపోయింది ఉంటుంది. అదెక్కడుంది, ఎవరు తింటున్నారు, తిని ఎవరికైనా కడుపునొప్పి వస్తే జవాబు ఎవరు చెప్పాలి, ఇదంతా నేను అడగాలి. రికార్డని పేరు పెట్టినా, పెట్టకపోయినా.”

“అత్తగారు ఈ మాట విన్నారా?”

“విన్నారు. ‘ఒక్క డబ్బా మూత తీయవు, ఇల్లంతా పెత్తనం మాత్రం కావాలి’ అన్నారు. అదీ కొంత నిజమే లెండి.”

“అయితే ఆ ధ్రువపత్రం తప్పా?”

“తప్పు కాదండీ. నమోదైనవన్నీ నిజంగానే నాశనం చేశారు. నమోదు కాని నకలు ఎక్కడో ఒకటి బతికి ఉంది. దానికి పెద్దదిక్కు లేదు, అంతే.”

ఆమె కంప్యూటర్ల అతన్నీ, తాళాల గుత్తితో బీరువాగారినీ వెంటబెట్టుకుని బయలుదేరింది. కార్యాలయం వెనక, వాడకం మానేసిన పంపుల గది. తలుపు తీయగానే సన్నని హోరు వినిపించింది. సోమవారం నేను ఫోన్‌లో విన్న హోరే. నా అడుగు గడప దగ్గర ఆగిపోయింది.

మూల బల్ల మీద ఒక పాత కంప్యూటరు. దాని ముందు కుర్చీ. కుర్చీ వీపున ఆకుపచ్చ స్వెటరు, భుజాల మీద దుమ్ముతో. చలికాలంలో అది వేసుకుని మా ఇంటికి వచ్చేది. యంత్రం మీద అంటించిన టేపు ముక్కపై దాని గుండ్రని అక్షరాలు: ‘ఆపవద్దు.’ రెండేళ్లుగా ఆ దారిన వచ్చిన వాళ్లందరూ ఆ మాటను మన్నించారు. ఎవరి మాటో అడగలేదు.

యంత్రం మీద చేయి వేశాను. వెచ్చగా ఉంది. కరెంటు నడిచే ప్రతి వస్తువూ వేడెక్కుతుందని ఎన్ని తరగతులకు చెప్పానో. చేయి తీయడానికి మాత్రం కాసేపు పట్టింది.

కంప్యూటర్ల అతను తెర వెలిగించి చూశాడు. “ఇది మొదట ప్రయోగానికి పెట్టుకున్నది సార్. నెలకోసారి తనను తానే పరీక్షించుకుంటుంది. ఒక నంబరుకి ఫోన్ చేసి మాట వినిపిస్తుంది. అవతల ఒకటి నొక్కితే అంతా బాగుందని పై నెలకి సిద్ధమవుతుంది. వరసగా మూడు నెలలు ఎవరూ నొక్కకపోతే ఆ నంబరుని వదిలేస్తుంది.”

“ఏ నంబరది?”

చదివాడు. మా చెల్లెలిది. ఆఫీసులో ఎవరి నంబరిచ్చినా పనుల్లో పడి ఎత్తరు. ఎప్పుడు చేసినా ఎత్తే మనిషి ఎవరో పిచ్చుకకు తెలుసు.

“ఈ రెండేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు సార్,” అన్నాడతను మెల్లగా. “ప్రతి నెలా ఒకటి నొక్కారు.”

బీరువాగారి ముఖం పాలిపోయింది. తన ధ్రువపత్రం ఆయన కళ్ల ముందు ఆడి ఉంటుంది. “ఇప్పుడే పీకేస్తే సరి. పత్రం నిజమైపోతుంది,” అంటూ తీగ మీదికి చేయి చాచాడు.

నా చేయి ఆయన మణికట్టును పట్టుకుని ఉంది. ఎప్పుడు పట్టుకున్నానో నాకు తెలియదు. ఆ తీగ ఊడితే ఫోను ఆగుతుంది, ఫోను ఆగితే... వీధి చెప్పుకునే కథ నా తలలో ఎంత లోతుకు దిగిందో అప్పుడు తెలిసింది.

“పత్రాన్ని నిజం చేయడానికి రాలేదండీ మనం,” అంది ఆమె. “ఆవిడకి చెప్పకుండా ఆపేస్తే, ఆ పై సోమవారం ఆ ఇంట్లో ఏం జరుగుతుందో దానికి ఎవరు జవాబు చెప్తారు? మీరా?”

“ఇది రికార్డే కాదు, నేనెందుకు చెప్పాలి?”

“అందుకే నేను చెప్తాను.” ఒక చీటీ మీద తన పేరు, హోదా రాసి, పిచ్చుక అంటించిన టేపు కింద అంటించింది. “ఒక నకలు తీసి ఆవిడకిద్దాం. ఎప్పుడు ఆపాలో ఆవిడే చెప్తారు. అప్పటిదాకా ఇది నాది.”

సాయంత్రం చెల్లెలికి అంతా చెప్పాను. విని, ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

“ప్రతిసారీ నొక్కావా?”

“నొక్కకపోతే ఎలా తెలుస్తుంది, నేను విన్నానని?”

“యంత్రమని నీకు ముందే తెలుసన్నమాట.”

“నీ చెల్లెల్ని కదా అన్నయ్యా, ఆమాత్రం తెలీదా? బతికున్నప్పుడే చెప్పింది. ‘ఎత్తి ఒకటి నొక్కమ్మా, లేకపోతే ఇంక నీకు రాదు’ అంది. యంత్రమే. కానీ అడగమని దానికి నేర్పింది నా కూతురు. అడిగితే జవాబు చెప్పకుండా ఎలా ఉండను?”

“వీధిలో వాళ్లకి ఈ ముక్క చెప్పొచ్చుగా?”

“చెప్తే? పాపం, యంత్రాన్ని పట్టుకుని వేలాడుతోంది అంటారు. దయ్యమంటే కనీసం భయపడతారు.”

“ఒక్కసారి ఎత్తకపోతే ఆగిపోదే. వరసగా మూడు నెలలు నొక్కకపోతేనే ఆగుతుంది.”

అప్పుడు తలెత్తింది. “మూడా? నేను ఒక్కసారే అనుకున్నాను.” చాలాసేపు ఫోను వంక చూసింది. “అయినా ఒక్కసారి కూడా ఊరుకోవద్దు. నువ్వొచ్చి నొక్కుతానంటే చేరతాను.”

మాటిచ్చాను. ఆమె చేరింది.

ఆ పై నెల మొదటి సోమవారానికి ఆస్పత్రిలో ఆమెకు ఆపరేషన్ అయి మూడో రోజు. నేను ఆ ఖాళీ ఇంట్లో ఆమె కుర్చీలో కూర్చున్నాను. బయట మెట్ల మీద వీధి జనం. ఫోను మోగింది. ఊపిరి, మాట, హోరు, కుర్చీ చప్పుడు. “అమ్మా, వినిపిస్తోందా?” నేను దాని అమ్మను కాను. అయినా వినిపించింది. జీవితమంతా దయ్యాలు లేవని చెప్పిన వేలితో ఒకటి నొక్కాను.

నెల తిరిగేసరికి చెల్లెలు ఇంటికి వచ్చింది. ఆగకుండా నాలుగు వాక్యాలు మాట్లాడుతోంది, అందులో మూడు నన్ను తిట్టేవి. ఇదెవరిదమ్మ స్వయంగా వచ్చి గొంతు నకలు ఆమె చేతిలో పెట్టి, ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చని, అది ఇక ఆమెదేనని చెప్పి వెళ్లింది. స్వెటరు కూడా తెచ్చింది.

మొదటి సోమవారం మేమిద్దరం ఫోను దగ్గర కూర్చున్నాం. పిచ్చుక అడిగింది. చెల్లెలి వేలు మీట దాకా వెళ్లి ఆగింది.

“వినిపించిందే,” అంది పైకి. “ఇంక అడగకు.” చేయి తీసి ఒడిలో పెట్టుకుంది.

అవతల యంత్రం కాసేపు ఎదురుచూసింది. ఆ హోరును అంతసేపు వినడం అదే మొదటిసారి. తర్వాత తెగిపోయింది.

“ఎందుకు?” అన్నాను.

“ఆస్పత్రిలో మత్తు దిగుతున్నప్పుడు నర్సు చెంప తట్టి అడిగింది. అమ్మా, వినిపిస్తోందా అని. ఔనన్నాను. ఎంత సంతోషపడిందో ఆ పిల్ల.” కాస్త ఆగింది, ఈసారి ఊపిరి కోసం కాదు. “ఔనని అంటే, అది వినేవాళ్లకి అనాలి కదా అన్నయ్యా.”

మరుసటి నెల కూడా నొక్కలేదు. ఆ పై నెల కూడా. సంగతి బయటికి పొక్కింది. ఎదురింటావిడ వచ్చి మా చెల్లెలి చేతులు పట్టుకుని ఏడ్చి, కావాల్సినవాళ్లని పిలిపించమని నాకు చెవిలో చెప్పింది. నేను తప్ప ఇంకెవరూ లేరన్నాను. అయితే మీరే దగ్గరుండండి అంది.

దగ్గరే ఉన్నాను. నాలుగో నెల మొదటి సోమవారం వీధిలో ఒక్కరూ పనికి పోలేదు. పదకొండు అయింది. ఫోను మోగలేదు. కిటికీ అవతల ఎవరో దగ్గి ఊరుకున్నారు. గోడ గడియారం చప్పుడు తప్ప ఇంట్లో ఏమీ లేదు. నేను చెల్లెలి వంక చూడకుండా ఉండలేకపోయాను.

ఆమె లేచి, ఎదురింటి నుంచి అరువు తెచ్చిన గిన్నె తీసుకుని, జనం పక్కకు జరిగి దారి ఇస్తుంటే మెట్లు దిగి, వీధి దాటి, దాన్ని తిరిగి ఇచ్చి వచ్చింది.

ఇది జరిగి నాలుగేళ్లయింది. ఆ ఫోను మళ్లీ మోగలేదు. మా చెల్లెలు బతికే ఉంది.